చిన్న కుక్కల్లో రివర్స్ స్నీజింగ్: ఎందుకొస్తుంది, ఆ నిమిషంలో ఏం చెయ్యాలి, డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పరిగెత్తాలి

నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిర్చి పడింది. వంటింటి గుమ్మం దగ్గర పడుకున్న పామరేనియన్ చటుక్కున లేచి కదలకుండా నిలబడింది. ముందుకాళ్ళు పక్కలకి విచ్చుకున్నాయి, మెడ ముందుకు సాగింది, కళ్ళు పెద్దవయ్యాయి. నోరు మూసే ఉంది గానీ ముక్కుతో "హుర్క్... హుర్క్... హుర్క్" అంటూ గాలిని లోపలికి లాగుతోంది. "ఏమండీ, దీనికి ఊపిరాడట్లేదు చూడండి!" అని ఒక కేక. ఒకరు నీళ్ళు తెస్తారు, ఒకరు నోట్లో వేలు పెట్టబోతారు, ఒకరు వీపు మీద చరుస్తారు. ఈలోగా అది గుటక వేసి, మూతి నాక్కుని, తోక ఊపుకుంటూ వెళ్ళిపోతుంది.

అదే రివర్స్ స్నీజింగ్. చూసేవాళ్ళకి గుండె జారిపోతుంది గానీ చాలాసార్లు దీనివల్ల కుక్కకి ఏ హానీ ఉండదు. చిక్కల్లా ఒకటే. పైకి ఇలాగే కనిపించే వేరే జబ్బులు కొన్ని ఉన్నాయి, అవి మాత్రం హాని చేసేవే. అందుకే కింద రాసినదాంట్లో వైద్యం కంటే గుర్తుపట్టడం గురించే ఎక్కువ ఉంటుంది. దీన్ని గుర్తుపట్టడం వస్తే మిగతా పని సగం తేలికైనట్టే.

లోపల ఏం జరుగుతుంది

ముక్కు ముందుభాగంలో దుమ్ము పడితే కుక్క మనలాగే తుమ్ముతుంది. శ్వాసనాళంలో ఏదైనా ఇబ్బంది పెడితే దగ్గుతుంది. ఈ రెంటికీ మధ్య, ముక్కు వెనక, మెత్తటి అంగిలికి పైన ఇంకో చోటుంది. అక్కడ ఘాటు తగిలినా, చీమిడి చేరినా, పుప్పొడి అంటినా తుమ్ముకీ పోదు, దగ్గుకీ పోదు. అప్పుడు అక్కడి కండరాలు బిగుసుకుని, కుక్క ముక్కుతో గాలిని బలంగా లోపలికి లాగుతుంది. ఆ ఊపుకి అడ్డుపడ్డది గొంతులోకి జారుతుంది, కుక్క మింగేస్తుంది. చివర్లో గుటక వేసి మూతి నాక్కునేది అందుకే. ఇదంతా కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది.

ఏ జాతి కుక్కకైనా రావచ్చు గానీ చిన్నవాటిలోనే ఎక్కువగా చూస్తాం. షిట్జు, పగ్, లాసా ఆప్సో లాంటి చప్పిడి మూతి జాతుల్లో మూతి కురచై అంగిలి మాత్రం పొడుగ్గానే ఉండిపోతుంది. దాని కొస ఊరికే గొంతుకి తగులుతుంటుంది. పామరేనియన్, చివావా, యార్క్‌షైర్ టెరియర్ లాంటివాటికి మూతి కొంచెం పొడుగున్నా లోపలి దారులు ఇరుకు. పైగా ఇవి ఊరికే హడావిడి పడే రకాలు. కాలింగ్ బెల్ మోగినా, వీధిలోంచి స్విగ్గీ అబ్బాయి వచ్చినా ఒంట్లో ఉన్న ఊపిరంతా మొరగడానికే పోస్తాయి. ఆ ఉద్రేకం ఒక్కటి చాలు ఇది రావడానికి.

మొదటి పని: చెయ్యి వెయ్యకుండా చూడండి

అలవాటు లేనివాళ్ళకి కష్టమే గానీ, మొదటి 10 సెకన్లు ఊరికే చూడండి. శబ్దం గాలి లోపలికి పీల్చేటప్పుడు వస్తోందా, బయటికి వదిలేటప్పుడా? పొట్ట, ఛాతీ కదలిక చూస్తే తెలిసిపోతుంది. రివర్స్ స్నీజింగ్‌లో ప్రతి "హుర్క్" కీ గాలి లోపలికే పోతుంది, నోరు సాధారణంగా మూసే ఉంటుంది, కుక్క కాళ్ళ మీద నిలబడే ఉంటుంది, పిలిస్తే కళ్ళు తిప్పి చూస్తుంది.

తర్వాత చిగుళ్ళు. పై పెదవి కాస్త ఎత్తితే కనిపిస్తాయి. లేత గులాబీ రంగులో ఉంటే ఊపిరి అందుతున్నట్టే. నీలంగానో, బూడిద రంగులోనో, సున్నం కొట్టినట్టు తెల్లగానో ఉంటే ఇక చదవడం ఆపి డాక్టర్ దగ్గరికి బయల్దేరండి. పగ్ లాంటి కొన్ని కుక్కలకి చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. వాటికి నాలుక రంగు, లేదంటే కింది కనురెప్పని కొంచెం కిందికి లాగి లోపలి రంగు చూడాలి. ఇదంతా కుక్క హాయిగా ఉన్న రోజు ఒకసారి చేసి పెట్టుకోండి. మామూలు రంగేమిటో తెలియకపోతే, కంగారులో ఏ రంగైనా నీలంగానే కనిపిస్తుంది.

రెండో పని: ఫోన్ తీసి వీడియో

డాక్టర్ టేబుల్ మీద ఎక్కించగానే ఏ కుక్కకీ రివర్స్ స్నీజింగ్ రాదు. అక్కడికెళ్ళి మనం నోటితో ఆ శబ్దం చేసి చూపిస్తే ఆయన నవ్వు ఆపుకోవాలి, మనం సిగ్గుపడాలి. దానికంటే 20 సెకన్ల వీడియో ఎంతో మేలు. కుక్కని పక్కనుంచి తియ్యండి. తల, మెడ, పొట్ట మూడూ ఫ్రేములో ఉండాలి. టీవీ, ఫ్యాను ఆపేస్తే శబ్దం స్పష్టంగా వస్తుంది. అది ఆగిపోయాక కూడా ఇంకో అర నిమిషం తీస్తూనే ఉండండి. ఆగిన తర్వాత కుక్క ఎలా ఉందన్నదే డాక్టర్‌కి ముఖ్యం.

మూడో పని: నెమ్మదిగా ఊరడించడం

నిజానికి ఏమీ చెయ్యకపోయినా దానంతట అదే ఆగుతుంది. చేతులూరుకోకపోతే ఇవి చెయ్యండి.

కుక్క పక్కన నేల మీద కూర్చోండి. పైనుంచి వంగి మీద పడినట్టు ఉండకూడదు, ఇంకా బెదురుతుంది. గడ్డం కింద నుంచి గొంతు మీదుగా ఛాతీ వైపుకి అరచేత్తో మెల్లగా నిమరండి. దానికి గుటక పడితే చాలు, చాలాసార్లు అక్కడితో సర్దుకుంటుంది. పేరు పెట్టి మామూలు గొంతుతో పిలవండి. ఘాటైన చోటుంటే ఎత్తుకుని గాలి ఆడే గదికి తీసుకెళ్ళండి.

ఇంకో చిట్కా ఉంది. ముక్కు రంధ్రాల మీద వేలు పెట్టి ఒకటి రెండు సెకన్లు మూస్తే కుక్క గుటక వేస్తుంది, దాంతో ఆగుతుంది. చాలామంది డాక్టర్లే చెబుతారు, చాలాసార్లు పనిచేస్తుంది కూడా. నాకు మాత్రం దీని మీద మోజు లేదు. చప్పిడి మూతి కుక్కకి ఉన్న గాలే అంతంతమాత్రం, దానికి చెయ్యకపోవడమే నయం. మిగతావాటికైనా, తల విదిలించుకుంటే వెంటనే వదిలెయ్యండి. పైగా ఇది రివర్స్ స్నీజింగే అని ఖాయంగా తెలిసినప్పుడే ఆ పని.

ఇక చెయ్యకూడనివి. గురగురలాడుతుండగా నోట్లో నీళ్ళు పొయ్యకండి, ముద్ద పెట్టకండి. లోపలికి లాగే గాలితో పాటు అవి శ్వాసనాళంలోకి పోతాయి. వీపు మీద గుద్దకండి. చుట్టూ చేరి అరవకండి. నోట్లో వేళ్ళు పెట్టకండి.

ఆఖరిదాని గురించి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాలి. మింగలేకపోతూ, చొంగ కారుస్తూ, దవడ వేలాడేసి, అరుపు మారిపోయి, గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు కనిపించే కుక్కకి రేబిస్ ఉండవచ్చు. టీకా వెయ్యని కుక్కయినా, వీధికుక్కయినా ఆ లక్షణాలుంటే జాలిపడి నోట్లో చెయ్యి పెట్టి వెతకొద్దు. అప్పటికే చెయ్యి పెట్టి ఉంటే, సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడుక్కుని అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి.

నాలుగో పని: ఇది అదేనా, వేరేదా?

చిన్న కుక్కలున్న ఇళ్ళలో ఎక్కువగా పొరబడేది శ్వాసనాళం కుంగిపోయే జబ్బు దగ్గర. శ్వాసనాళాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి రింగులు వదులై, గొట్టం చప్పబడిపోతుంది. యార్క్‌షైర్ టెరియర్, పామరేనియన్, చివావా, టాయ్ పూడుల్ జాతుల్లో, అందులోనూ నడివయసు దాటినవాటిలో ఎక్కువ. ఇది దగ్గు. పొడిగా, కీచుగా, బాతు అరిచినట్టు ఉంటుంది. కాలర్ బిగిసినా, ఉద్రేకపడినా, ఎండగా ఉన్నా పెరుగుతుంది. రివర్స్ స్నీజింగ్ అంటే ముక్కుతో లోపలికి పీల్చడం, ఇదైతే నోటితో బయటికి దగ్గడం, గుర్తు పెట్టుకోండి. ఒకే కుక్కకి రెండూ ఉండటమూ అరుదేం కాదు, అందుకే వీడియోలు రెండు మూడు ఉంటే మంచిది.

ముసలి కుక్క రాత్రిళ్ళు దగ్గుతూ, నాలుగడుగులు వేసి కూర్చుండిపోతుంటే గుండె కవాటం సంగతి చూడాలి. చిన్న జాతులకి వయసు మీద పడ్డాక ఇది సాధారణంగా వచ్చే జబ్బే. ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ పైకి లేచిన ప్రతిసారీ ఒకటి అని నిమిషం పాటు లెక్కపెట్టండి. 30 లోపు ఉండాలి. రోజూ అంతకు మించుతుంటే రివర్స్ స్నీజింగ్ మాట పక్కన పెట్టి గుండె పరీక్ష చేయించండి. కలలు కంటూ కాళ్ళాడిస్తున్నప్పుడు లెక్కపెడితే తప్పు వస్తుంది.

బోర్డింగులోనో గ్రూమింగ్ సెంటర్‌లోనో వదిలి తెచ్చిన కొద్ది రోజులకి పొడిదగ్గు మొదలై, చివర్లో ఓక్కుని తెల్లటి నురగ కక్కుతుంటే అది కెనెల్ కాఫ్ కావచ్చు. మిగతా కుక్కలకి అంటుకుంటుంది, పార్కుకి తీసుకెళ్ళకండి.

పగ్‌లకి పడుకున్నా గురక, లేచినా గురక. ఇది విడతలు విడతలుగా వచ్చేది కాదు, ఎప్పుడూ ఉండే ఇబ్బంది. ముక్కు రంధ్రాలు సన్నగా ఉండటం, అంగిలి పొడుగవడం దీనికి కారణం. ఆపరేషన్‌తో చాలావరకు సరిచేస్తారు. "పగ్ అంటే అంతే, గురక పెడితేనే ముద్దు" అనేవాళ్ళని పట్టించుకోవద్దు. రామగుండం, రెంటచింతల మే నెల ఎండల్లో అలాంటి కుక్క నోరు తెరిచి ఆగకుండా రొప్పుతూ, నాలుక ముదురు ఎరుపుకి తిరిగితే అది వడదెబ్బ, క్షణం ఆలస్యం చెయ్యకూడదు. చల్లటి నీళ్ళతో ఒళ్ళు తడుపుతూ, ఫ్యాను గాలి తగిలేలా పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

నిజంగా గొంతుకి అడ్డం పడితే కుక్క ముందుకాళ్ళతో మూతి గీరుకుంటుంది, చొంగ కారుతుంది, శబ్దం రానే రాదు లేదా సన్నటి ఈల వస్తుంది, చిగుళ్ళు నీలమవుతాయి. మన పెంపుడు కుక్కే అయి, టీకాలన్నీ వేయించి ఉండి, అడ్డుపడింది కళ్ళకి కనిపిస్తుంటేనే లాగాలి. కనిపించకపోతే తడమకండి, ఇంకా లోపలికి పోతుంది. చిన్న కుక్క వీపుని మన ఛాతీకి ఆనించి పట్టుకుని, పక్కటెముకల కింద పొట్ట మీద పిడికిలితో లోపలికీ పైకీ కుదుపులా నొక్కాలి.

ఇక ముక్కులోకి ఏదైనా దూరిన కేసు. వాకింగ్‌కి వెళ్ళొచ్చిన కుక్క ఉన్నట్టుండి వరసపెట్టి తుమ్ముతూ, ముక్కు నేలకేసి రుద్దుతూ, ఒక పక్క రంధ్రంలోంచే చీమిడో నెత్తురో కారుస్తుంటే ఎండుగడ్డి కంకిలోని ములుకు దూరిందేమో చూడాలి. బట్టలకి అంటుకునే ఆ రకం గడ్డి మన పొలం గట్ల మీదా, ఖాళీ ప్లాట్లలోనూ ఉంటుంది. కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్ళకైతే ఎండాకాలం ఫాక్స్‌టెయిల్ గడ్డితో ఇదే గోల. ఆ ములుకులు ముందుకే పోతాయి గానీ వెనక్కి రావు, ఇంట్లో పట్టకారుతో తీసే పని కాదు.

ముక్కునుంచి నెత్తురు కారితే మన వాతావరణంలో అనుమానించాల్సింది ఇంకొకటుంది, గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్. చెవుల వెనక, వేళ్ళ సందుల్లో గోమార్లున్నాయేమో వెతికి, రక్తపరీక్ష అడగండి.

ఐదో పని: ఇంట్లో కారణం పట్టుకోవడం

కుక్క ముక్కు మన మోకాళ్ళ కంటే కిందే ఉంటుంది. నేల మీద చల్లిందీ, తుడిచిందీ అన్నిటికంటే ముందు దానికే తగులుతుంది. ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్, బాత్రూమ్ యాసిడ్, టాల్కం పౌడర్, రూమ్ ఫ్రెష్‌నర్. రాత్రంతా మంచం కింద కాలే దోమల కాయిల్. సిగరెట్. పండగ ముందు బూజు దులిపిన రోజు, భోగి మంటల తెల్లవారుజాము, హోలీ పొడి రంగులు, దీపావళి పొగ. బయట వయ్యారిభామ పూత మీదున్నప్పుడు పుప్పొడి. ఇవి కాక ఏసీ ఫిల్టర్‌లో నెలల తరబడి పేరుకున్న దుమ్ము.

వీటిలో మీ కుక్కకి పడనిది ఏదో ఊహించడం కుదరదు, రాసుకోవాలి. ఫ్రిజ్ మీద కాగితం అంటించండి. ఇలా రాస్తే చాలు: "మంగళవారం, ఉదయం 7:40, తాలింపు, 15 సెకన్లు, తర్వాత మామూలే." "శుక్రవారం, సాయంత్రం, సాంబ్రాణి, రెండుసార్లు." "ఆదివారం, మామయ్యగారొచ్చారు, గెంతింది, 30 సెకన్లు." రెండు మూడు వారాలు తిరిగేసరికి మళ్ళీమళ్ళీ కనిపించే మాట ఒకటో రెండో తేలతాయి. వాటినే మార్చండి. అన్నిటినీ ఒకేసారి మానేస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు.

శుక్రవారం సాంబ్రాణి మానెయ్యమని అత్తగారికి చెప్పగల ధైర్యం అందరికీ ఉండదు, అవసరమూ లేదు. వేసేముందు కుక్కని వేరే గదిలో పెట్టి తలుపేసి, కిటికీలు తీసి, పొగంతా పోయాక వదిలితే సరి. తాలింపు వేళ వంటింటికి అడ్డంగా పిల్లల గేటు పెట్టి, చిమ్నీయో ఎగ్జాస్ట్ ఫ్యానో ముందే వెయ్యండి. నేల తుడిచేది వాసన లేని ద్రవంతో తుడవండి, ఆరాకే కుక్కని రానివ్వండి. కాయిల్ బదులు దోమతెర కట్టండి, మనకీ మంచిదే.

నీళ్ళు గటగటా తాగగానే వస్తుంటే, ఆ నీళ్ళు ముక్కు వెనక్కి ఎగదన్నుతున్నాయన్నమాట. లోతు తక్కువున్న గిన్నె పెట్టి, కొంచెం కొంచెంగా పొయ్యండి. తిండి ఆత్రంగా మింగేదైతే గడులు గడులుగా ఉండే స్లో ఫీడర్ గిన్నె వాడండి. చుట్టాలొచ్చినప్పుడు వస్తుంటే, వాళ్ళు లోపలికొచ్చి కూర్చుని, కుక్క నెమ్మదించాకే పలకరించమనండి.

ఆరో పని: కాలర్ తీసేసి హార్నెస్

చిన్న కుక్కని పెంచేవాళ్ళు ఒక్క మార్పే చేస్తామంటే నేను ఇదే చెయ్యమంటాను. లైసెన్స్ బిళ్ళ, పేరు బిళ్ళ వేలాడదీయడానికి కాలర్ వదులుగా ఉండనివ్వండి. లీష్ మాత్రం హార్నెస్‌కే, అంటే ఛాతీ చుట్టూ తొడిగే పట్టీలకే తగిలించాలి. ముందు నుంచి చూస్తే ఇంగ్లీషు వై అక్షరంలా ఉండి, బరువంతా రొమ్ము ఎముక మీద పడేది తీసుకోండి. గొంతుకి అడ్డంగా పట్టీ వచ్చే రకం వద్దు, అది కాలర్‌తో సమానమే. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. పామరేనియన్‌కి బొచ్చు ఎక్కువ కాబట్టి, బొచ్చు పక్కకి తీసి చర్మం దగ్గర చూసుకోండి.

బరువు సంగతి కూడా. పక్కటెముకలు చేతికి తగలనంత లావుంటే ఊపిరికి సంబంధించిన ప్రతి ఇబ్బందీ పెరుగుతుంది. అన్నం, పెరుగు, మధ్యలో బిస్కెట్లు అంటూ ఇంట్లో నలుగురూ నాలుగుసార్లు పెట్టడం ముందు ఆపాలి.

పళ్ళు చాలామందికి తట్టవు. చిన్న జాతులకి గార తొందరగా కడుతుంది. పై దంతాల వేళ్ళకీ ముక్కుకీ మధ్య ఉండే ఎముక పలచన. అక్కడ చీము పడితే ముక్కులోకే దారి చేసుకుంటుంది, డాక్స్‌హుండ్‌లలో మరీను. నోరు కంపు కొడుతూ, తుమ్ములూ ఈ గురగురా రెండూ ఉంటే పళ్ళు చూపించండి. బ్రష్ చేసేందుకు కుక్కల పేస్టే వాడాలి, మనది కాదు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

నెలకి ఏ రెండు మూడుసార్లో వచ్చి, ఆగగానే మామూలుగా తిరిగే కుక్కకి ప్రత్యేకంగా వెళ్ళాల్సిన పని లేదు. టీకాకి వెళ్ళినప్పుడు వీడియో చూపిస్తే చాలు. రోజూ వస్తున్నా, రోజురోజుకీ ఎక్కువవుతున్నా, రెండు నిమిషాలు దాటుతున్నా, ముక్కునుంచి చీమిడి, నెత్తురు కారుతున్నా, మొహం ఒక పక్క వాచినా, తిండి తగ్గినా అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఎనిమిదో, పదో ఏట మొదటిసారిగా మొదలైతే కూడా అంతే. ఆ వయసులో ముక్కులో గడ్డ ఉందేమో చూడాల్సి ఉంటుంది. స్పృహ తప్పినా, చిగుళ్ళు నీలమైనా అర్ధరాత్రి అయినా వెళ్ళాల్సిందే.

డాక్టర్ ముందు నోరు, ముక్కు, గుండె చూస్తారు. ఛాతీ, మెడ ఎక్స్‌రే తియ్యొచ్చు. కుంగే శ్వాసనాళం ఒక్క ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు, ఊపిరి పీల్చినప్పుడూ వదిలినప్పుడూ విడివిడిగా తీస్తేనే తేడా తెలుస్తుంది. ముక్కు వెనకభాగం చూడాలంటే మత్తిచ్చి సన్నటి కెమెరా గొట్టం పంపాలి. ఆ సౌకర్యం ప్రతి క్లినిక్‌లో ఉండదు. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలో పశువైద్య కళాశాలలున్నాయి. వాటి ఆసుపత్రుల్లో వీలుందేమో మీ డాక్టర్‌నే కనుక్కోమనండి. ముక్కులో బతికే చిన్న పురుగులు కూడా ఒక కారణం. స్కాండినేవియా దేశాల్లో బాగా గమనించిన సమస్య ఇది, కుక్క ముక్కు నుంచి కుక్క ముక్కుకి అంటుతుంది. ఒక మిల్లీమీటరు సైజుండే ఈ పురుగులు కెమెరాకి కూడా చిక్కకపోవచ్చు. అందుకే కొన్నిసార్లు అనుమానం మీదే మందు వేసి చూస్తారు.

మందుల పెట్టె జోలికి వెళ్ళొద్దు

మనం జలుబుకి వేసుకునే మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసి ఉంటాయి. మూడు కిలోల కుక్కకి ఒక్క మాత్ర కూడా ప్రాణం మీదికి తేవచ్చు. సెటిరిజిన్ కుక్కలకి రాయడం ఉంది గానీ, మోతాదు బరువుని బట్టి డాక్టరే చెప్పాలి. మెడికల్ షాపులో దొరికేవాటిలో ఇంకో మందు కలిసి ఉన్న రకాలూ ఉంటాయి, అవి వేస్తే ప్రమాదం. ముక్కుకి, ఛాతీకి బామ్ రాయకండి. అందులోని కర్పూరాన్ని అది నాకితే వాంతులు, ఫిట్స్ రావచ్చు. వెల్లుల్లి, ఉల్లి కషాయాలు కుక్కల ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తాయి. అమ్మమ్మ చిట్కాలు మన వరకే ఉంచుకుందాం.

ఊరెళ్ళేటప్పుడు

కుక్కని పక్కింటివాళ్ళకో బోర్డింగుకో అప్పగించి వెళ్తుంటే, ఈ సంగతి చెప్పకుండా వెళ్ళకండి. తెలియనివాళ్ళు భయపడి నోట్లో నీళ్ళు పోసేది అప్పుడే. మీ దగ్గరున్న వీడియో వాట్సాప్‌లో పంపి, కింద ఇంత రాయండి: "ఇలా వస్తే భయపడొద్దు, గొంతు నిమరండి, నిమిషంలో ఆగుతుంది. నోట్లో ఏమీ పెట్టొద్దు. రెండు నిమిషాలు దాటినా, నాలుక నీలంగా మారినా, పడిపోయినా మా డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి." ఆ నంబరూ, రాత్రి తెరిచి ఉండే దగ్గరి క్లినిక్ నంబరూ, హార్నెస్ ఎక్కడ పెట్టారో కూడా అందులోనే రాసెయ్యండి.